మూతవేసిన సీసా: మెల్విన్ బెల్లీ న్యాయవాద జీవితము



క్రయవిక్రయములను గూర్చి మన పూర్వుల ధర్మశాస్త్రమున నొక చక్కని నియమము కలదు. వస్తువును కొన్నవాడు దానిని పరీక్షించి చూచుకొనుటకు యాజ్ఞవల్క్యస్మృతి గడువులను విధించినది. ఇనుమునకు 1 దినము. పాడిపశువునకు 3 దినములు. బరువులు మోయు పశువునకు 5 దినములు. రత్నమునకు 7 దినములు. విత్తనమునకు 10 దినములు. ఈ గడువులోపల దోషము కనబడినచో కొన్నవాడు వస్తువును తిరిగి యిచ్చివేయవచ్చును. గడువు దాటిన పిమ్మట మంచిచెడ్డలు కొన్నవానివే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనుగు పద్యములలోనికి దెచ్చెను. కావున ఈ విషయము మన వారికి క్రొత్తది కాదు.

ఈ నియమమునకు మూలమైన తలంపు తేటతెల్లమే. కొనువానికి కన్నులున్నవి, చేతులున్నవి. ఎద్దు పండ్లు పట్టి చూచి, కాడికి గట్టి నడిపించి కొనవచ్చును. ఆవును నాలుగు పూటలు పిదికి చూడవచ్చును. విత్తనమును తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చునో రాదో తెలిసికొనవచ్చును. అమ్మినవాడు ఎదుటనే యుండును. తగవు వచ్చినచో రచ్చబండ దగ్గరనే తేలిపోవును.

కాని యంత్రయుగము వచ్చిన తరువాత వస్తువుల తీరు మారినది. మూతవేసిన సీసాను మనమెట్లు పరీక్షింతుము? సూదిమందు గొట్టములో నేమున్నదో ఏ కంటితో చూతుము? దానిని చేసినవాడు వేయి మైళ్ళ దూరమున నుండును. అమ్మిన అంగడివాడును లోపలి సంగతి యెరుగడు. అట్టి వస్తువు ఒకని చేతిని కోసినను, ఒక శిశువు కాళ్ళను చచ్చుపడజేసినను ఎవరినడుగవలెను? దోషము చేసినవాని యింట దాగియుండగా, దెబ్బ తిన్నవాడు రుజువు నెక్కడనుండి తేగలడు? ఈ ప్రశ్నకు సమాధానము రాబట్టుటకై న్యాయస్థానములలో నలువది యేండ్లకు మించి వాదించిన వారిలో అమెరికా దేశపు మెల్విన్ బెల్లీ యను న్యాయవాది ప్రసిద్ధుడు. ఆతని చరిత్రమును నేటి ప్రసంగమున మీకు వినిపింతును.

ముందుగా అతనికి పూర్వమున్న స్థితిని రెండు మాటలలో చెప్పెదను. 1842లో ఇంగ్లండు దేశమున తపాలాబండి విరిగి, దానిని తోలువాడు అవిటివాడయ్యెను. బండి మరమ్మతును ఒప్పుకొన్నవానిమీద అతడు దావా వేయగా, న్యాయమూర్తులు దానిని త్రోసివేసిరి. ఏలయన, మరమ్మతు ఒడంబడిక తపాలాశాఖతో జరిగినది గాని బండి తోలువానితో జరుగలేదు. ఒడంబడిక లేనిచోట బాధ్యత లేదని వారి తాత్పర్యము. ఈ సిద్ధాంతము డెబ్బది యేండ్లకు పైగా పాతుకొని యుండెను. 1916లో న్యూయార్కు న్యాయస్థానమున కార్డోజో యను న్యాయమూర్తి, కారు చక్రపు టాకులు విరిగి గాయపడినవాడు మధ్య నున్న అంగడివానిని విడిచి, కారు కూర్చిన బ్యూక్ సంస్థనే అడుగవచ్చునని చెప్పెను. 1932లో బ్రిటిషు ప్రభువుల సభ స్కాట్లండు నుండి వచ్చిన యొక వ్యాజ్యెమున, పానీయపు సీసాలో నత్త యుండి దానిని త్రాగిన స్త్రీ జబ్బుపడినదన్న సందర్భమున, అదే ధర్మమును స్థాపించెను. ఈ విధముగ తలుపు తెరువబడినది. కాని గడప దాటుట సులభము గాదు. తయారుచేసినవాడు అజాగ్రత్తగా నుండెనని దెబ్బతిన్నవాడే రుజువు చేయవలసి యుండెను.

మెల్విన్ బెల్లీ 1907వ సంవత్సరము జూలై 29వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున సొనోరా యను ఊర జన్మించెను. అది బంగారు గనుల సందడిలో వెలసిన ఊరు. బర్క్లీ నగరమందలి విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రము చదివి 1933లో పట్టము పుచ్చుకొనెను. ఆ కాలము అమెరికాలో మహామాంద్యకాలము. లక్షలకొలది జనులు పని లేక, కూడు లేక, గూడ్సు బండ్లమీద దేశమంతయు తిరుగుచుండిరి. ప్రభుత్వము వారి స్థితిని తెలిసికొనదలచి కొందరిని పంపగా, బెల్లీ వారిలో నొకడై, దేశదిమ్మరి వేషమున వారితో కలిసి ప్రయాణము చేసి నివేదిక నిచ్చెను. పిమ్మట సాన్ ఫ్రాన్సిస్కో నగరమున వకీలుగా కుదురుకొని, సాన్ క్వెంటిన్ కారాగారమందలి ఖైదీల పక్షమున వాదించుటతో వృత్తిని ప్రారంభించెను. ధనవంతుల సంస్థలకు వకీలుగా నుండుట ఆతని తొలి దారి గాదు.

అమెరికాలో నష్టపరిహారపు దావాలను సైతము జ్యూరీ విచారించును. జ్యూరీ యనగా సామాన్యులైన పన్నిద్దరు పౌరులు. వారు సాక్ష్యమును విని, బాధ్యుడెవడో, పరిహారమెంతో నిర్ణయింతురు. మన దేశమున నేరవిచారణలో నీ పద్ధతి కొంతకాలముండి తొలగిపోయినది. బెల్లీ యీ పన్నిద్దరి మనస్సును బాగుగ నెరిగినవాడు. వైద్యుడు లాటిను మాటలతో చెప్పిన గాయమును వారు వినియు విననట్లుందురు. కంటితో చూచిన గాయమును మరువరు. అందుచేత అతడు పటములు, నమూనాలు, ఛాయాచిత్రములు న్యాయస్థానమునకు తెచ్చెడివాడు. మనిషి అస్థిపంజరము నొకదానిని సంపాదించి దానికి ఎల్మరని పేరు పెట్టి, ఎముక విరిగిన చోటును దానిపై చూపెడివాడు.

ఇందుకొక కథ ప్రసిద్ధముగ నున్నది. ట్రాము బండి క్రింద పడి కాలు పోయిన స్త్రీ యొకతె పక్షమున నతడు వాదించుచు, ప్రతిదినము పొడవైన పొట్లము నొకదానిని తెచ్చి బల్లమీద పెట్టెడివాడు. అది మాంసపు కొట్లలో వాడెడు కాగితముతో చుట్టి, దారముతో కట్టబడి, మోకాలు వంపు వలె నుండెను. జ్యూరీవారు దానివంక భయముతో చూచుచుండిరి. తెగిన కాలును తెచ్చినాడేమో యని తలచిరి. కడపటి దినమున నతడు ముడి విప్పి కాగితము తొలగింపగా, లోపల నున్నది కొయ్యకాలు. దానిని జ్యూరీవారి చేతికిచ్చి, ఈమె బ్రదికినంతకాలము మోయవలసిన బరువును మీరొక నిమిషము మోసి చూడుడనియెను. వారు లక్ష డాలర్ల పరిహారము విధించిరి. ఆ దినములలో అది చాల పెద్ద మొత్తము. ఇది నాటకమని యాతని తోడి వకీళ్ళు ఆక్షేపించిరి. కొంత నాటకమే. అయినను, ఆ కొయ్యకాలు అబద్ధము గాదు గదా!

మరియొక సంగతిని మీరు తెలిసికొనవలెను. అక్కడ బీదవాడు దావా వేయుటకు ముందుగ ఫీజు ఇయ్యనక్కరలేదు. గెలిచినచో వచ్చిన సొమ్ములో మూడవ వంతో, మరికొంత హెచ్చో వకీలు తీసికొనును. ఓడినచో నతనికేమియు లేదు. మన దేశపు న్యాయవాదుల నియమములలో నిట్టి భాగస్వామ్యము నిషిద్ధము. ఈ పద్ధతి వలన బీదవాడు గొప్ప సంస్థతో సరితూగ నిలువగలిగెను. వకీలునకు దావాల వేటయు నలవాటయ్యెను. మేలును కీడును ఒకే త్రాటికి కట్టబడిన ఈ సంగతి బెల్లీ జీవితమందంతటను కనబడును.

ఇక మూతవేసిన సీసా వ్యాజ్యెమునకు వత్తము. కాలిఫోర్నియాలో మెర్సెడ్ అను ఊర, భోజనశాలలో పనిచేయు పరిచారిక యొకతె కోకాకోలా సీసాలను పెట్టెనుండి తీసి శీతలపెట్టెలో నుంచుచుండెను. మూడు సీసాలు సరిగనే ఉంచెను. నాలుగవది చేతిలోనుండగనే పగిలి, అరచేతిని ఐదంగుళముల మేర కోసివేసెను. రక్తనాళములు, నరములు, బొటనవ్రేలి కండరములు తెగిపోయెను. ఆ సీసాలు వచ్చి 36 గంటలైనను అయినవి. బల్ల క్రింద కదలక యున్నవి. ఆమె దానిని దేనికిని కొట్టలేదు, జారవిడువలేదు.

ఇప్పుడు రుజువేది? పగిలిన గాజుపెంకులను భోజనశాలలోని వారు ఊడ్చి పారవేసిరి. గాజు పలుచనైనదా, వాయువు అధికముగ నింపబడినదా, ఎవరు చెప్పగలరు? సీసా నింపుచోట ఏ దినమున ఎవడు అజాగ్రత్తగా నుండెనో ఆ పరిచారిక యెట్లు తెలిసికొనును? ఆమె పక్షమున నిలిచిన న్యాయవాదులలో బెల్లీ యొకడు. వారు ఆశ్రయించినది లాటిను భాషలోని యొక ప్రాచీన సూత్రమును. వస్తువే తన కథను తాను చెప్పుచున్నదని దాని యర్థము. జాగ్రత్తగా నింపిన మంచి సీసా ఊరక పగులదు. పగిలినదనగా, నింపుటలోనో గాజులోనో దోషముండవలెను. ఆ రెండును సంస్థవారి చేతిలోనివే. సంస్థ పానీయములను చేరవేయు బండివాడే సాక్షిగ వచ్చి, గిడ్డంగిలో నిట్లు పగిలిన సీసాలను తాను పూర్వము చూచితినని చెప్పెను. జ్యూరీ ఆమె పక్షమున తీర్పు చెప్పగా, సంస్థవారు అప్పీలు చేసిరి. 1944వ సంవత్సరము జూలై 5వ తేదీన కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచెను.

ఆ దినమున ట్రేనరు అను న్యాయమూర్తి తన యభిప్రాయమును వేరుగ వ్రాసెను. నా దృష్టిలో ఈ వ్యాజ్యెమునకు కిరీటము వంటిది ఆ యభిప్రాయమే. అజాగ్రత్త యున్నదా లేదా యని వెదకులాట యేల? పరీక్షింపకయే జనులు వాడుదురని యెరిగి వస్తువును బజారులో పెట్టినవాడు, అందలి దోషము వలన గాయపడినవానికి బాధ్యుడు కావలెను. గాయము ఒక్కనిమీద పడినచో వాని సంసారము కూలిపోవును. అదే నష్టమును తయారుచేసినవాడు భీమా చేసికొని, సరకు ధరలో కొంచెము కొంచెముగ కలుపుకొన్నచో, కొనువారందరు పంచుకొని భరింపగలరు. ఇది యాతని వాదసారము. అప్పటికి మిగిలిన న్యాయమూర్తులు ఇంతదూరము పోలేదు. కాని 1963లో, వడ్రంగపు యంత్రమునుండి కొయ్యముక్క ఎగిరి నుదుట తగిలిన వాని వ్యాజ్యెమున, ట్రేనరే తీర్పు వ్రాయగా న్యాయస్థానమంతయు నా ధర్మమును అంగీకరించెను. పిదప అమెరికాలోని తక్కిన రాష్ట్రములలో పెక్కు దానినే అనుసరించినవి.

ఈ నడుమ బెల్లీ కీర్తి పెరిగెను. 1954లో లైఫ్ పత్రిక వారు అతనిని నష్టపరిహారపు దావాల రాజని వర్ణించిరి. ఆ సంవత్సరముననే న్యాయస్థానమున సాక్ష్యమును కంటికి చూపు విధానమును గూర్చి మోడర్న్ ట్రయల్స్ అను గ్రంథమును వెలువరించెను. ఆతడు నడిపిన దావాలలో మిక్కిలి బరువైనది దాని పిమ్మట వచ్చెను.

1955వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన, డాక్టరు సాక్ కనిపెట్టిన పోలియో టీకామందు క్షేమకరమని అమెరికాలో ప్రకటింపబడెను. తల్లిదండ్రులు బిడ్డలను చంకనెత్తుకొని పరుగెత్తిరి. ఆ మందు చేయు పద్ధతి యిది: పోలియో సూక్ష్మజీవిని ఫార్మలిన్‌తో చంపి, చచ్చిన దానిని శరీరములోనికి ఎక్కింతురు. చావక మిగిలినచో మందే రోగమగును. బర్క్లీలోని కట్టర్ ప్రయోగశాల చేసిన మందులో కొంతభాగమున సూక్ష్మజీవి చావలేదు. అట్టి మోతాదులు సుమారు 1,20,000 బయటికి పోయినవి. సుమారు 40,000 మందికి స్వల్పముగ జబ్బు చేసెను, సుమారు 200 మందికి అవయవములు చచ్చుపడెను, పదిమంది మరణించిరి.

అవిటియైన బిడ్డల పక్షమున బెల్లీ దావా నడిపెను. ఓక్లండు నగరమున విచారణ జరిగి 1958 జనవరిలో తీర్పు వచ్చెను. ఆ తీర్పు విచిత్రమైనది. కట్టర్ సంస్థవారు అజాగ్రత్తగా నుండలేదని జ్యూరీ చెప్పెను. నాటి ప్రభుత్వ నియమములను వారు పాటించిరి. ఆ నియమములే చాలనివి. అయినను, టీకామందు క్షేమకరమైనదను భరోసా అమ్మకమునందే ఇమిడియున్నది గనుక, ఆ భరోసా తప్పినందుకు పరిహారము చెల్లింపవలెనని జ్యూరీ నిర్ణయించెను. 1960లో పై న్యాయస్థానమును దీనినే స్థిరపరచెను. తప్పు చేయకున్నను తన చేతి వస్తువునకు తాను బాధ్యుడన్న మాట యీ విధముగ జ్యూరీ నోట వెలువడెను.

ఈ ధర్మమునకు వెల లేకపోలేదు. దావాల భయమున పెక్కు సంస్థలు టీకామందులు చేయుట మానుకొనసాగెను. మందే లేకున్నచో బిడ్డలకు రక్షణ యెక్కడిది? కావున 1986లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసి, ప్రతి మోతాదుపై స్వల్పముగ సుంకము విధించి, ఆ నిధినుండి టీకాల వలన హాని పొందినవారికి పరిహార మిచ్చు ఏర్పాటు చేసెను. పరికించి చూచినచో నిదియు ట్రేనరు చెప్పిన మాటయే. ఒక్కని భారమును అందరును కొంచెము కొంచెముగ మోయుట.

బెల్లీ గుణములను చెప్పి దోషములను దాచుట చరిత్ర చెప్పువానికి తగదు. అతడు ఆడంబరప్రియుడు. దావా గెలిచిన దినమున తన కార్యాలయపు మేడపై ఫిరంగి పేల్చి, సముద్రపు దొంగల జెండా ఎగురవేసెడివాడు. అధ్యక్షుడు కెన్నెడీని చంపినవాడని పట్టుబడిన ఆస్వాల్డును కాల్చిచంపిన జాక్ రూబీ పక్షమున ఫీజు లేకయే వాదించెను. 1964 మార్చిలో జ్యూరీ మరణశిక్ష విధింపగా, న్యాయస్థానముననే కోపము పట్టజాలక జ్యూరీని నిందించెను. 1984 డిసెంబరులో మన భోపాలు నగరమున విషవాయువు వేలమందిని పొట్టబెట్టుకొన్నప్పుడు, నాలుగైదు దినములలోనే అమెరికాలో 1,500 కోట్ల డాలర్లకు దావా వేసిన వకీళ్ళలో బెల్లీ యొకడు. శవముల చుట్టు గ్రద్దలు తిరిగినట్లున్నదని లోకము వారిని దూషించెను. 1985లో భారతప్రభుత్వము శాసనము చేసి, బాధితులందరి పక్షమున దావా నడుపు హక్కును తానే తీసికొనెను. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. గ్రద్దలని దూషింపబడిన వారు దూరమైనను, బాధితుల కన్నీరు తుడువబడినదని యెవరును చెప్పజాలరు. దావా వేయువాని యుద్దేశము వేరు, దావాలోని న్యాయము వేరు. ఈ రెండింటిని కలిపి తూచరాదు.

అతని కడపటి దినములు దుఃఖకరములు. స్త్రీల వక్షమున శస్త్రచికిత్సతో అమర్చెడు సిలికోను పరికరముల వలన హాని కలిగినదని వందలమంది స్త్రీల పక్షమున నతడు దావా చేపట్టి, నిపుణుల సాక్ష్యములకై చాల సొమ్ము వెచ్చించెను. 1995లో ఆ పరికరములు చేసిన డౌ కార్నింగ్ సంస్థ దివాలా ప్రకటించెను. పెట్టిన సొమ్ము రాక, ఆ సంవత్సరము డిసెంబరులో బెల్లీయు దివాలా తీసెను. 1996 జూలై 9వ తేదీన తన 88వ యేట సాన్ ఫ్రాన్సిస్కోలో మరణించెను. ఫిరంగులు పేల్చినవాని యింట చివరకు ఋణములు మిగిలెను. ఆతడు పాల్గొన్న వ్యాజ్యెములు మాత్రము ధర్మశాస్త్ర గ్రంథములలో నిలిచినవి.

ఇదంతయు పరాయి దేశపు కథ. మనకేమి యని మీలో కొందరనుకొనవచ్చును. 2012వ సంవత్సరము జనవరిలో మన సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును వినుడు. నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల రైతులు జాతీయ విత్తన సంస్థ విత్తనములను కొని చల్లగా, అవి సరిగ మొలవక పంట నష్టమయ్యెను. విత్తనములకు వేరుగ చట్టమున్నది గనుక వినియోగదారుల న్యాయస్థానమునకు రైతులు పోరాదనియు, విత్తనములను ప్రయోగశాలలో పరీక్షింపలేదు గనుక రుజువు లేదనియు సంస్థ వాదించెను. సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. కొన్న విత్తనమంతయు నేలలో చల్లిన రైతు, పరీక్షకై యెక్కడనుండి తెచ్చును? అదే విత్తనపు నమూనాలు సంస్థవారి దగ్గర నుండగా, వారేల పరీక్షింపజేయలేదు? ఊడ్చిపారవేసిన గాజుపెంకులు మీకు జ్ఞాపకము వచ్చుచున్నవి గదా! మెర్సెడ్ పరిచారికకును, మన రైతునకును ఉన్న చిక్కు ఒక్కటే. ఎవని చేతిలో సంగతి యున్నదో వాడే సమాధానము చెప్పవలెననునది యిరువురికిని దక్కిన న్యాయము.

మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము పుట్టెను. దాని స్థానమున 2019లో చేయబడి 2020 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త చట్టమున, ఉత్పత్తి బాధ్యత యను ప్రత్యేకాధ్యాయము కలదు. తయారీలో లోపము, రూపకల్పనలో లోపము, తగిన హెచ్చరికలు లేకపోవుట, వీని వలన హాని కలిగినచో తయారుచేసినవానిని అడుగవచ్చును. ఫిర్యాదును మనము నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. వకీలు లేకయే చెప్పుకొనవచ్చును. గడువు 2 సంవత్సరములు. కావున విత్తనము గాని, పురుగుమందు గాని, వంటపాత్ర గాని కొన్నప్పుడు రసీదును భద్రపరుపుడు. సంచిని, దానిపై చీటీని పారవేయకుడు. హాని కలిగినప్పుడు మిగిలిన ముక్కలను ఊడ్చివేయకుడు. పది యేండ్ల మనుమనికైనను ఈ నాలుగు మాటలు చెప్పి యుంచుడు.

యాజ్ఞవల్క్యుడు విత్తనమునకు పది దినముల గడువిచ్చెను. ఆ కాలమున అది న్యాయమే, ఏలయన దోషము కంటికి కనబడెడిది. నేడు దోషము మూత క్రింద దాగినది. కొనువాడు చూడలేనిచోట చేసినవాడు పూచీపడవలెననుట నాటి ధర్మమునకు విరుద్ధము గాదు; నాటి ధర్మమే నేటి సీసాకు వర్తించు తీరు ఇది. ఊరిలో తగవులు తీర్చు పెద్దలు దీనిని మనస్సున నుంచుకొందురుగాక.